జేబులో ఫోన్ దానంతట అదే నొక్కుకుంటోందా? ముందు స్క్రీన్‌ని ఎవరు లేపుతున్నారో పట్టుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కేఆర్ పురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ బండి మీద వెళ్తున్నావు, ఫోన్ ప్యాంటు జేబులో, హెల్మెట్‌లో బ్లూటూత్. నెలలో రెండుసార్లు అత్యవసర నంబరు 112కి కాల్ వెళ్లిపోయింది, ఒకసారి మీ మేనేజర్‌కి వాట్సాప్‌లో అర్థంపర్థం లేని అక్షరాలు వెళ్లాయి, కొన్నిరోజులు ఆఫీసుకు చేరేసరికి ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంటోంది. జేబులో టచ్ పనిచేయకుండా ఆపే యాప్ ఏదైనా చెప్పమన్నావు. అనంతపురంలో మీ నాన్నగారి ఫోన్‌కీ ఇదే బాధ అన్నావు.

యాప్ వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను. మారతహళ్లిలో పన్నెండేళ్లుగా ఫోన్లు రిపేరు చేస్తున్నాను, ఈ కంప్లయింట్ వారానికి ఒకరైనా తెస్తారు, తెచ్చినవాళ్లలో చాలామంది "టచ్ పోయింది, డిస్‌ప్లే మార్చండి" అనే మొదలుపెడతారు. డిస్‌ప్లే బాగానే ఉంటుంది. స్క్రీన్ నిద్రలో ఉంటే జేబులో ఎంత రుద్దుకున్నా ఏమీ కాదు. కాబట్టి టచ్‌ని ఎలా ఆపాలా అని కాకుండా, జేబులో ఉండగా స్క్రీన్‌ని నిద్రలేపేది ఏది అని వెతకాలి. నువ్వు చెప్పిన మూడు సంఘటనలకీ కారణం ఒకటే అనుకుంటున్నావు, నాకైతే మూడు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి.

ముందు ఒక చిన్న పని చెయ్యి. నీ ప్యాంటు జేబు లోపలి బట్టను బయటికి లాగి, ఫోన్ స్క్రీన్ ఆన్ చేసి దాని మీద పరిచి, పైనుంచి వేలితో అటూ ఇటూ జరుపు. యాప్‌లు కదులుతాయి చూడు. ఫార్మల్ ప్యాంట్లకీ ట్రాక్ ప్యాంట్లకీ వేసే తెల్లటి పల్చటి లైనింగ్ అయితే మధ్యలో బట్ట ఉన్న సంగతే ఫోన్‌కి తెలియదు. ఇప్పటి స్క్రీన్లు ఒత్తిడితో పనిచేసేవి కావు. అద్దం కింద సన్నటి విద్యుత్ గీతల వల ఉంటుంది, మన ఒళ్లు కరెంటును మోస్తుంది కాబట్టి వేలు దగ్గరికి రాగానే అక్కడి విద్యుత్ కాస్త మారుతుంది, ఆ మార్పునే ఫోన్ నొక్కుడు అనుకుంటుంది. దానికి వేలైనా ఒకటే, తొడైనా ఒకటే. చెమట పట్టి బట్ట తడిస్తే ఇంకా సులువు. కుదిరితే జీన్స్‌తో కూడా ఇదే చేసి చూడు, లోపల మందపాటి కాటన్ లైనింగ్ ఉన్న జీన్స్‌లో టచ్ చాలా తగ్గుతుంది. నాకు తెలిసిన ఒక డెలివరీ కుర్రాడు తన ప్యాంటు జేబుల్లోపల టైలర్ చేత ఇంకో మందపాటి గుడ్డ వేయించుకున్నాడు, సగం బాధ దాంతోనే పోయిందన్నాడు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్దదైన 112 సంగతి. లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ అని ఉండే చోట టచ్ పడి కాల్ వెళ్లడం ఒక దారి. పవర్ బటన్ వెంటవెంటనే నొక్కుకుని వెళ్లడం రెండో దారి, ఇందులో స్క్రీన్‌కి సంబంధమే లేదు. మన దేశంలో అమ్మే ఫోన్లలో పానిక్ బటన్ ఉండాలని కేంద్రం 2016లో నిబంధన పెట్టింది, 2017 జనవరి 1 నుంచి అమలు. స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ మూడుసార్లు గబగబా నొక్కినా అత్యవసర కాల్ వెళ్లొచ్చు, మామూలు బటన్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి. ఐఫోన్ కూడా మన దేశంలో వాడితే పక్క బటన్ మూడు నొక్కులకే ఎమర్జెన్సీకి వెళ్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఐదు నొక్కుల పద్ధతి వచ్చింది, ఏ ఫోన్‌లో ఎన్ని అనేది కంపెనీని బట్టి మారుతుంది.

బండి మీద కూర్చుంటే ఏమవుతుందో చూడు. తొడ వంగుతుంది, జేబు బిగుసుకుంటుంది, పవర్ బటన్ తొడ ఎముకకో తాళంచెవుల గుత్తికో ఆనుకుంటుంది, సిల్క్ బోర్డు దాకా ఒక్కో గుంతలో ఒక్కో నొక్కు. ఆ బటన్ మూడుసార్లు నొక్కుకోవడానికి ఎంతసేపు పడుతుంది! నీకు జరిగింది ఇదేనా కాదా అనేది ఇలా తెలుసుకో. ఆ రోజు మీ ఇంట్లో ఎవరికైనా నీ లొకేషన్‌తో మెసేజ్ వెళ్లిందా, లేదా కాల్ వెళ్లేముందు హెల్మెట్‌లో సైరన్ లాంటి శబ్దం గానీ అంకెల లెక్క గానీ వినిపించిందా? అయితే పవర్ బటన్ పనే. అవేవీ లేకుండా కాల్ లిస్టులో మామూలుగా 112 కనిపిస్తే టచ్ వల్ల అయి ఉండే అవకాశం ఎక్కువ.

పవర్ బటన్ అయితే సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ లోకి వెళ్లి ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ తెరువు. దాన్ని పూర్తిగా ఆపెయ్యమని మాత్రం నేను చెప్పను. నువ్వు రోజూ రింగ్ రోడ్డు మీద బండి నడిపేవాడివి, ఏదైనా జరిగితే లాక్ తీయకుండా గబగబా సాయం పిలవగలిగే దారి అది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నొక్కగానే దానంతటదే కాల్ వెళ్లాలా, లేక స్క్రీన్ మీద వేలు ఆనించి పట్టుకుంటేనే వెళ్లాలా అని అడుగుతుంది, రెండోది పెట్టుకో. కొన్నిటిలో కాల్ వెళ్లేముందు పక్కకి జరిపి ఒప్పుకోవాలి అనే ఎంపిక ఉంటుంది. లెక్కపెట్టేటప్పుడు గట్టిగా శబ్దం వచ్చేది ఆన్‌లోనే ఉంచు, వినిపిస్తే బండి పక్కన ఆపి రద్దు చేసుకోవచ్చు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ కింద బటన్ నొక్కుల కాల్ ఆపేసి, పట్టుకుని వదిలే పద్ధతి ఒక్కటే ఉంచుకోవచ్చు.

ఇంకోసారి పొరపాటున 112 కలిస్తే భయపడి కట్ చేయకు. చాలామంది చేసే తప్పు అది. కట్ చేస్తే నిజంగా ఆపదలో ఉన్నావేమో అని వాళ్లు తిరిగి చేయొచ్చు, వాళ్ల సమయం ఇంకా పోతుంది. లైన్లో ఉండి "జేబులో నొక్కుకుని వచ్చేసింది, నేను క్షేమంగా ఉన్నాను" అని చెప్పెయ్యి.

రెండోది, మేనేజర్‌కి వెళ్లిన అక్షరాలు. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. వాట్సాప్‌లో టైప్ అయిందంటే జేబులో ఉండగా నీ ఫోన్ లాకే లేదన్నమాట. ఫోన్‌కి ప్యాటర్న్ పెట్టాను అని రాశావు. మరి ఎలా తెరుచుకుంది? నీ హెల్మెట్ మీద నాకు అనుమానం. ఆండ్రాయిడ్‌లో స్మార్ట్ లాక్ అని ఒకటి ఉంది, ఈమధ్య దాని పేరు ఎక్స్‌టెండ్ అన్‌లాక్ అని మార్చారు. అందులో నమ్మకమైన పరికరం అని ఏదైనా బ్లూటూత్‌ని చేర్చుకుంటే, అది కలిసి ఉన్నంతసేపు ఫోన్‌ని తెరిచే ఉంచొచ్చు. కొత్త బ్లూటూత్ జోడించినప్పుడు కొన్ని ఫోన్లు దీని గురించి అడుగుతాయి కూడా, అప్పుడు చదవకుండా ఓకే కొట్టేస్తాం. అందులోనే ఆన్ బాడీ డిటెక్షన్ అని ఇంకోటి ఉంటుంది. ఒకసారి లాక్ తీశాక ఫోన్ మన ఒంటి మీద కదులుతున్నంతసేపు మళ్లీ లాక్ పడకుండా ఉంచడమే దాని పని. జేబులో పెట్టుకునే మనిషికి ఇంతకన్నా చెడ్డ సెట్టింగ్ లేదని నా అభిప్రాయం. సెట్టింగ్స్ వెతికే గడిలో ఎక్స్‌టెండ్ అనో స్మార్ట్ లాక్ అనో టైప్ చేసి, రెండూ తీసెయ్యి.

అక్కడ ఏమీ లేకపోతే నీ వేలిముద్ర ఎక్కడుందో చూడు. పక్క పవర్ బటన్‌లోనే వేలిముద్ర ఉన్న ఫోన్లలో, జేబులోకి దోపేటప్పుడు బొటనవేలు సరిగ్గా దాని మీదే ఉంటుంది. నువ్వు ఇప్పుడే లాక్ చేశావు, దోపుతూ దోపుతూ మళ్లీ నువ్వే తెరిచావు, తెరిచిన ఫోన్ జేబులోకి వెళ్లింది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో వేలిముద్ర దగ్గర ముట్టుకుంటే తెరుచుకోవాలా, నొక్కితే తెరుచుకోవాలా అని ఉంటుంది, నొక్కితే అనేది పెట్టు. శాంసంగ్‌లో స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా వేలిముద్ర పనిచేసేది విడిగా ఆపుకోవచ్చు. అలాగే స్క్రీన్ ఎంతసేపటికి ఆరిపోవాలో చూడు, చదువుకోవడానికని పది నిమిషాలు పెట్టుకుని మర్చిపోయినవాళ్లు ఎందరో. 30 సెకన్లు చాలు. ఆరిపోగానే వెంటనే లాక్ పడాలి అనేది కూడా వేరే సెట్టింగ్, అది ఐదు సెకన్లు, నిమిషం అని ఉంటే వెంటనే అని మార్చు.

ఇంకో సంగతి కూడా నీలాంటి బండివాళ్లకి బాగా తగులుతుంది. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడేటప్పుడు స్క్రీన్ ఆరిపోతుంది కదా, బ్లూటూత్‌లో మాట్లాడేటప్పుడు చాలా ఫోన్లలో అలా వెంటనే ఆరదు. ఫోన్ చెవి దగ్గర లేదని దానికి తెలుసు కాబట్టి ఆర్పే ప్రయత్నమే చేయదు. అందుకే హెల్మెట్‌లో మాట్లాడుతుండగా మ్యూట్ పడటం, హోల్డ్ పడటం, ఇంకెవరినో కాన్ఫరెన్స్‌లో కలపడం. కాల్ మొదలవగానే పవర్ బటన్ ఒకసారి నొక్కి స్క్రీన్ ఆర్పేసి జేబులో పెట్టు. దానికి ముందు సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో పవర్ బటన్‌తో కాల్ ముగించు అనేది ఆన్‌లో ఉందేమో చూసి తీసెయ్యి, లేకపోతే కాలే కట్ అవుతుంది. మ్యాప్ కూడా అంతే. దారి చూపిస్తున్నంతసేపు స్క్రీన్‌ని ఆరనివ్వదు, నువ్వే పవర్ నొక్కి ఆర్పు, మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

మూడోది ఫ్లైట్ మోడ్. లాక్ పడే ఉంది, కానీ స్క్రీన్ వెలిగింది, పైనుంచి కిందికి జారే పరదాలోని బొమ్మల మీద తొడ తగిలింది. లాక్ తీయకుండానే డేటా, ఫ్లైట్ మోడ్, టార్చ్ మార్చగలిగే ఫోన్లు చాలా ఉన్నాయి. శాంసంగ్‌లో సెక్యూర్ లాక్ సెట్టింగ్స్ కింద నెట్‌వర్క్‌ని లాక్ చేసే ఎంపిక ఉంది, అది ఆన్ చేస్తే కోడ్ లేకుండా ఇవి మారవు. మిగతా చాలావాటిలో లాక్ స్క్రీన్ మీద కంట్రోల్ సెంటర్, అంటే ఆ పరదా, చూపించాలా అని ఉంటుంది, వద్దని పెట్టు. ఐఫోన్‌లో ఫేస్ ఐడీ అండ్ పాస్‌కోడ్ లోపల, లాక్‌లో ఉన్నప్పుడు ఏవేవి అందుబాటులో ఉండాలో పెద్ద పట్టీ ఉంటుంది, అందులో కంట్రోల్ సెంటర్ తీసెయ్యి. ఇలా చేస్తే ఫోన్ దొంగిలించినవాడు కూడా వెంటనే ఫ్లైట్ మోడ్ వేయలేడు, అదొక లాభం.

ఈ ఫ్లైట్ మోడ్ గురించి ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నాలుగేళ్ల కిందట నా ఫోనే ఇలా చేసింది. సాయంత్రం ట్రాఫిక్‌లో మదనపల్లెలో ఉన్న మా నాన్నకి జేబులోంచి కాల్ వెళ్లింది. ఆయనకి హారన్లు, ఎవరివో అరుపులు వినిపిస్తున్నాయి, నేను మాట్లాడటం లేదు. కొంతసేపటికి కాల్ ఆగింది, ఫ్లైట్ మోడ్ పడింది, ఆయన ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అని వచ్చింది. నేను ఇంటికి చేరి ఫోన్ చూసుకునేసరికి ఆయన చేతి సంచితో మదనపల్లె బస్టాండులో బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉన్నారు. నా గొంతు వినగానే అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారట, కాసేపు మాట రాలేదు. ఆ రాత్రే కూర్చుని నా ఫోన్‌లోని ప్రతి సెట్టింగూ చూశాను, ఇప్పుడు నీకు చెప్తున్నవన్నీ అప్పుడు మొదలుపెట్టి నేర్చుకున్నవే.

ఇక స్క్రీన్‌ని లేపేవాటి సంగతి. రెండుసార్లు తట్టితే వెలగడం, చేతిలోకి ఎత్తితే వెలగడం, ఈ రెండూ ఆపెయ్యి. శాంసంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో మోషన్స్ అండ్ జెశ్చర్స్ కింద ఉంటాయి. ఐఫోన్‌లో రైజ్ టు వేక్ డిస్‌ప్లే దగ్గర, ట్యాప్ టు వేక్ యాక్సెసిబిలిటీలో టచ్ దగ్గర. మోటో ఫోన్లలో రెండుసార్లు కత్తితో నరికినట్టు ఊపితే టార్చ్ వెలుగుతుంది, మన గుంతల్లో ఊపు ఎలా ఉంటుందో తెలుసుగా, జేబులో టార్చ్ వెలిగి తొడ కాలిందని చూపించినవాళ్లు ఉన్నారు. ఐఫోన్‌లో వెనకవైపు తడితే పనిచేసే బ్యాక్ ట్యాప్ పెట్టుకుని ఉంటే అదీ చూసుకో.

తర్వాత పాకెట్ మోడ్. శాంసంగ్‌లో డిస్‌ప్లే కింద యాక్సిడెంటల్ టచ్ ప్రొటెక్షన్ అంటారు, మిగతావాళ్లు పాకెట్ మోడ్ అనో మిస్‌టచ్ ప్రివెన్షన్ అనో అంటారు, వెతికే గడిలో పాకెట్ అనో టచ్ అనో కొడితే దొరుకుతుంది. ఆన్ చెయ్యి, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకు. ఎక్కువ ఫోన్లలో ఇది పనిచేసేది పైన ఇయర్‌పీస్ పక్కనుండే ప్రాక్సిమిటీ సెన్సర్‌తో. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి, తిరిగొస్తే ఎదురుగా ఏదో ఉందని తెలుసుకుంటుంది. ఇప్పటి ఫోన్లు పొడవు, మన జేబులు పొట్టి. పైభాగం జేబులోంచి బయటికి తొంగిచూస్తుంటే సెన్సర్‌కి ఎదురుగా ఏమీ తగలదు, జేబులో ఉన్నానని ఫోన్ అనుకోదు. అందుకే ఫోన్‌ని తలకిందులుగా, ఇయర్‌పీస్ లోపలికి పోయేలా పెట్టు. సెన్సర్ పూర్తిగా మూసుకుపోతుంది. ఒక్క ఇబ్బంది, ఛార్జింగ్ రంధ్రం పైకి వస్తుంది, బెంగళూరు సాయంత్రం వానలో అందులోకి నీళ్లు పోతాయి. వాన ఉన్న రోజు బ్యాగులో పెట్టుకో.

ఈ సెన్సర్ గురించి ఇంకో ముఖ్యమైన మాట. నీ ఫోన్ డిస్‌ప్లే ఎప్పుడైనా మార్పించావా? పాత ఫోల్డర్, అంటే డిస్‌ప్లే, టచ్ కలిసి ఉండే ముక్క, ఊడదీసినప్పుడు కొన్ని మోడళ్లలో కందిగింజంత నల్ల రబ్బరు తొడుగు ఒకటి దానికే అంటుకుని వచ్చేస్తుంది. సెన్సర్ కాంతి పక్కకి చెదరకుండా ఆపేది అదే. గమనించకపోతే పాత ఫోల్డర్‌తో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. నేను కొత్తలో రెండుమూడు ఫోన్లు అలా పోగొట్టి, కస్టమర్ తిరిగొచ్చాక బుట్ట బోర్లించి వెతికాను. కొన్ని చౌక డిస్‌ప్లేల్లో సెన్సర్ దగ్గర అద్దానికి వేసిన రంగు కూడా కాంతిని సరిగా పోనివ్వదు. చెక్ చేయడం తేలిక. ఎవరికైనా కాల్ చేసి, స్పీకర్ వేయకుండా, స్క్రీన్ పైభాగాన్ని అరచేత్తో మూయి. ఆరిపోవాలి, తీస్తే వెలగాలి. శాంసంగ్ అయితే డయల్ ప్యాడ్‌లో *#0*# కొడితే వచ్చే గడుల్లో సెన్సర్ అని ఉంటుంది, షావోమీలో *#*#6484#*#*. సెన్సర్ స్పందించకపోతే ముందు టెంపర్డ్ గ్లాస్ తీసి చూడు, నల్ల అంచు దాని మీదకి వచ్చి ఉండొచ్చు.

టెంపర్డ్ అంటే గుర్తొచ్చింది. మందపాటి గ్లాస్ వేశాక టచ్ సరిగా రావట్లేదని టచ్ సెన్సిటివిటీ అనేదో గ్లవ్ మోడ్ అనేదో ఆన్ చేసుకుంటారు. అది స్క్రీన్‌ని ఇంకా సున్నితం చేస్తుంది, జేబు బట్ట అడ్డున్నా పట్టేస్తుంది. ఆపేసి వాడి చూడు, మామూలు గ్లాస్ అయితే తేడా తెలియదు.

స్క్రీన్ తొడవైపు పెట్టాలా బయటికి పెట్టాలా అంటే, టచ్ తగ్గాలంటే బయటికే. కానీ బండికో బస్సు కడ్డీకో తగిలితే పగిలేదీ అదే. రెండూ తప్పాలంటే అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ కొను, ఫోన్‌లో దానికి తగ్గ సెన్సర్ ఉంటే మూయగానే స్క్రీన్ ఆరిపోతుంది. మంచి జాకెట్ జేబు ఇంకా మేలు. హ్యాండిల్‌కి తగిలించే స్టాండు మాత్రం ఆలోచించుకో, మోటార్‌సైకిల్ ఇంజిన్ అదురుకి ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది.

యాప్ ఎందుకు వద్దన్నానంటే, జేబు లాక్ యాప్‌లు సెన్సర్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచి బ్యాటరీ తింటాయి, బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే వాటిని మధ్యలో ఆపేస్తుంది, ఆపేసిన సంగతి నీకు తెలియదు. పైగా చాలా యాప్‌లు యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతాయి. అది ఇచ్చావంటే స్క్రీన్ మీద కనిపించేదంతా చదవగలవు, నీ బదులు నొక్కగలవు. బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌లో ముక్కూమొహం తెలియని యాప్‌కి ఆ అనుమతి ఇవ్వొద్దు.

మీ నాన్నగారి ఫోన్ షర్టు జేబులో ఉంటుందని రాశావు. పల్చటి కాటన్ చొక్కా, అనంతపురం ఎండకి చెమట, స్క్రీన్ ఛాతీవైపు. ఆయన ఫోన్‌కి లాక్ ఉండదని ఊహిస్తున్నాను, పెద్దవాళ్లు స్వైప్‌తో తెరిచేదే ఇష్టపడతారు. దానికి నాలుగంకెల పిన్ పెట్టి, వేలిముద్ర కూడా రెండు చేతులవీ ఎక్కించు, అప్పుడు ఆయనకి కష్టం అనిపించదు. తట్టితే వెలిగేది ఆపెయ్యి, స్క్రీన్ ఆరిపోయే సమయం 30 సెకన్లు పెట్టు, ఫ్లిప్ కవర్ వెయ్యి. బటన్‌తో వెళ్లే ఎమర్జెన్సీ మాత్రం ఆయన ఫోన్‌లో తీయొద్దు, నీ నంబరు అందులో చేర్చి, ఎలా నొక్కాలో పక్కన కూర్చుని చూపించు. ఫోన్లో చెప్తే పెద్దవాళ్లకి అర్థం కాదు, ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక అరగంట పెట్టుకో.

ఇవన్నీ ఒకేరోజు మార్చకు, ఏది పనిచేసిందో తెలియదు. ఈరోజు ఎక్స్‌టెండ్ అన్‌లాక్, ఎమర్జెన్సీ, లాక్ స్క్రీన్ పరదా, ఈ మూడూ చూడు. రెండు రోజులు తిరిగాక తట్టుడు, ఎత్తుడు ఆపి చూడు. అప్పటికీ జరుగుతుంటే ఫోన్ మోడల్, డిస్‌ప్లే మార్పించావా లేదా, అరచేత్తో మూసిన టెస్టులో ఏమైంది, ఈ మూడూ ఇక్కడే రాయి, చూస్తాను.